కుక్కకు డాక్టరు దొరికాడు... గొర్రెకో?

పశువైద్యంలో ‘చిన్న జంతువుల డాక్టరు’ అని ఒక మాట ఉంది. పట్నంలో ఆ మాటకు కుక్కలూ పిల్లులూ చూసే డాక్టరని అర్థం. అదే మాట మన గిద్దలూరు బస్టాండులోనో, మార్కాపురం టీకొట్టు దగ్గరో అడిగి చూడండి. ‘చిన్న జీవాలంటే గొర్రెలూ మేకలే గదా’ అంటారు. పట్నంలో ఆ డాక్టరు కోసం బోర్డులు వెతకనక్కర్లేదు. వీధికొకటి కనిపిస్తాయి. మన వైపు ఆ డాక్టరు కోసం కాపరి కళ్లు కాయలు కాచేలా చూడాలి. ఎందుకిలా జరుగుతోంది? చదువుకున్న కుర్రాళ్లకు డబ్బాశ పెరిగిందని ఒక్క మాట అనేసి ఊరుకుందామా? ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను.

నల్లమల అంచున ఒక సాయంత్రం

ఒక కార్తీక మాసంలో, ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ కనపడని సమయంలో, నల్లమల అంచునున్న ఒక పల్లెకు వెళ్లాను. కంది పంట గురించి రాద్దామని పోయిన నన్ను ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని దొడ్డి దగ్గరికి తీసుకుపోయాడు. ఎనభై గొర్రెల మంద. పదకొండు అప్పటికే చచ్చిపోయాయి. మిగిలినవాటిలో సగానికి పైగా మూతులు వాచి, చొంగ కారుస్తూ, కుంటుతూ నిలబడి ఉన్నాయి.

‘రెండు దినాల నుంచి మేత ముట్టడంలే సారూ. టౌన్లో మందుల షాపులో అడిగి సూదిమందు తెచ్చి అన్నిటికీ నేనే ఏసినా. ఒక్కటీ తిప్పుకోలే’ అన్నాడు. అన్నిటికీ ఒకే సూది. సూదిమందుకైన ఖర్చు మాత్రం ఒక గొర్రెపిల్ల ఖరీదంత.

డాక్టరు గారు చీకటి పడే వేళకు మోటారు సైకిలు మీద వచ్చారు. ముప్పై దాటని మనిషి. తన ఆసుపత్రితో పాటు పక్క మండలం ఇన్‌చార్జి కూడా ఆయనే. పొద్దున్నుంచి ఒక గేదె ఈనలేక అవస్థ పడుతుంటే అక్కడ చిక్కుకుపోయారట. వచ్చీ రాగానే చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో గొర్రె నోరు తెరిచి చూశారు. జ్వరం చూశారు. గిట్టల పైన ఎర్రబారిన చర్మం చూశారు. ‘నీలినాలుక పెద్దాయనా. ఇది వైరస్. ఇంజెక్షన్‌తో పోయే జబ్బు కాదు, చాకిరీ చేసి బతికించుకోవాల్సిందే’ అన్నారు. పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీళ్లతో నోరు కడగాలని, బోరిక్ పొడి గ్లిజరిన్‌లో కలిపి పుండ్లకు రాయాలని, జావ తాగించాలని, జబ్బువాటిని వేరుగా కట్టాలని ఒకటికి రెండుసార్లు చెప్పారు. పుండ్లలో చీము పట్టకుండా వేయాల్సినవాటికి మందు తనే వేశారు. ప్రతి జీవానికీ సూది మార్చడం పెద్దాయన గుడ్లప్పగించి చూశాడు.

‘ముందే టీకా ఏసుంటే ఇవి పోయేవి కావు గదా సారూ’ అన్నాడు చివరికి. డాక్టరు గారు తల వంచుకున్నారు. నీలినాలుకకు ఐదు రకాల వైరస్‌ల మీద పనిచేసే టీకా మన దేశంలో 2015లోనే వచ్చింది. వానలు పడి చిన్న చిన్న కుట్టే ఈగలు పెరిగాక ఈ జబ్బు వస్తుందని తెలియనిదేమీ కాదు. టీకా ఉంది, జబ్బు వచ్చే కాలం తెలుసు. ఆ కాలానికి ముందే మంద దగ్గరికి చేరే మనిషే లేడు.

ఆయన చెప్పిన కారణం

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క టీ తాగుతూ ఆ డాక్టరు గారిని అడిగాను, ‘మీతో చదివినవాళ్లంతా ఎక్కడున్నారండీ?’ అని. ‘చాలామంది హైదరాబాదు, బెంగుళూరు, విజయవాడల్లో కుక్కల క్లినిక్కులు పెట్టుకున్నారన్నా’ అన్నారు. సంపాదన కోసమేనా అంటే ఆయన కాసేపు ఆలోచించి ఇలా చెప్పారు.

‘డబ్బూ ఉంది, కాదనను. కానీ అదొక్కటే కాదు. అక్కడ కుక్కకు జ్వరమొస్తే రక్తపరీక్ష చేయిస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు, స్కానింగ్ చేయిస్తారు. ఆపరేషనుకు బల్ల ఉంటుంది, మత్తు ఇచ్చే మిషను ఉంటుంది. మేం ఐదున్నరేళ్లు నేర్చుకున్న చదువంతా అక్కడ పనికొస్తుంది. ఇక్కడ నా చదువులో పనికొచ్చేది థర్మామీటరు, నా రెండు చేతులు. పుస్తకంలో చదివిన జబ్బు కళ్లముందే ఉంటుంది. అది అవునో కాదో తేల్చుకునే దారి నా దగ్గర ఉండదు. కొన్నేళ్లు ఇలా గడిస్తే నాకు వచ్చిన చదువు కూడా మర్చిపోతానేమోనని భయమన్నా.’

ఇన్నేళ్లుగా వ్యవసాయం వార్తలు రాస్తున్నాను. పశువుల డాక్టరు ఊళ్లో ఉండటం లేదని ఎన్నోసార్లు రాశాను. ఆ భయం సంగతి మాత్రం ఎప్పుడూ రాయలేదు. పట్నం పోయేవాళ్లంతా డబ్బు కోసమే పోతారని మనం అనుకుంటాం. వాళ్లలో చాలామంది తమ పని తాము సరిగ్గా చేసుకోవడం కోసం పోతున్నారు. ఈ తేడా మనకు అర్థమైతేనే, వాళ్లను ఇక్కడ నిలబెట్టుకోవడం ఎలాగో అర్థమవుతుంది.

చదువు నడిచే దారి

ఇంటర్లో బైపీసీ చదివి మంచి ర్యాంకు తెచ్చుకున్నవాడికే ఈ సీటు. ఆ ర్యాంకు రాక ఇంటరుతోనే ఆగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ చదువంటే నాకు గౌరవం. మన రాష్ట్రంలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో పశువైద్య కళాశాలలున్నాయి. 2005లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. చదువు ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తరువాత పశువైద్య మండలిలో పేరు నమోదు చేసుకుంటేనే వైద్యం చేయాలి. 1984 నాటి చట్టం అది. అంటే మనిషి డాక్టరు చదువుకు ఇదేమీ తీసిపోదు. పైగా మనిషి డాక్టరుకు రోగి నోరు తెరిచి చెబుతాడు. ఈయనకు ఆవు వేరు, గుర్రం వేరు, కోడి వేరు, కుక్క వేరు. ఏదీ చెప్పదు.

మరి ఆ కుర్రాడు కాలేజీలో ఏం చూస్తాడు? కాలేజీ ఆసుపత్రి ఉండేది ఊరి నడుమనో, పెద్ద రోడ్డు పక్కనో. గొలుసు పట్టుకుని కుక్కను ఎవరైనా తీసుకొస్తారు. ఆటో ఎక్కించుకునైనా వస్తారు. నూరు గొర్రెల మందను అక్కడికి ఎవరు తోలుకుపోతారు? కాబట్టి చేతిమీద ఎక్కువగా పడే కేసు కుక్కే. కుక్క యజమాని మాటకు ఎదురు చెప్పడు, ఫీజుకు వెనకాడడు, బతికితే దండం పెడతాడు. ఇరవై రెండేళ్ల పిల్లవాడి మనసు అటు మొగ్గిందంటే తప్పు పట్టగలమా?

ఉద్యోగం వచ్చి మన వైపు వేస్తే, ‘ఏం తప్పు చేశావని అక్కడికి వేశారు?’ అని అడుగుతారట స్నేహితులు. 1970లో కర్నూలు జిల్లా నుంచి మన తాలూకాలను విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గానీ మన వైపుకు పడ్డ శిక్ష పోస్టింగు పేరు మారలేదు. యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు, కొమరోలు అనగానే ముందుగా బదిలీ కాగితం రాసుకునేవాళ్లు ఎందరో.

కుక్కల డాక్టరు కావాలనుకున్న పెద్దమనిషి

ఇంగ్లండులో ఆల్ఫ్ వైట్ అని ఒక పశువుల డాక్టరు ఉండేవాడు. జేమ్స్ హెరియట్ అనే కలం పేరుతో ఆయన రాసిన పుస్తకాలు ప్రపంచమంతా చదివారు. గ్లాస్గోలో పెరిగిన ఈ మనిషికి చిన్నప్పటినుంచీ కుక్కల డాక్టరు కావాలనే కోరిక. 1939లో చదువు పూర్తయ్యేసరికి ఉద్యోగాల కరువు. 1940లో యార్క్‌షైర్‌లో థర్స్క్ అనే చిన్న ఊళ్లో పని దొరికింది. అర్ధరాత్రి మంచులో ఆవులు ఈనడం, కొండమీద గొర్రెలు, రైతుల చీవాట్లు. కొన్నాళ్లు ఉండి పోదామని వచ్చినవాడు జీవితమంతా అక్కడే ఉండిపోయాడు. 1995లో కన్నుమూశాడు.

ఆయన కథ చెప్పింది ఆయన త్యాగమూర్తి అని కాదు. అక్కడ ఆయనకు ఏం దొరికిందో చూడండి. కలిసి పనిచేయడానికి ఒక సీనియరు డాక్టరు దొరికాడు. ఉండటానికి ఇల్లు దొరికింది. చేసిన పనికి బిల్లు దొరికింది. తిట్టినా మళ్లీ కబురు పంపే రైతులు దొరికారు. ఇవి ఉంటే కుక్కల డాక్టరు కూడా గొర్రెల డాక్టరు అవుతాడు. ఇవి లేకపోతే గొర్రెల కాపరి కొడుకైనా కుక్కల క్లినిక్కే పెట్టుకుంటాడు.

మన దగ్గరా అలాంటివాళ్లున్నారు. నిత్యా ఘోట్గే, సాగరి రామదాస్ అనే ఇద్దరు మహిళా పశువైద్యులు 1990ల మొదట్లో ‘అంత్ర’ అనే సంస్థ పెట్టారు. పల్లెల్లో కాపరులు, ముఖ్యంగా ఆడవాళ్లు, జీవాలకు చేసుకునే నాటు వైద్యాన్ని దగ్గరుండి గమనించి, పనికొచ్చేదేదో కానిదేదో పరిశీలించి రాసుకున్నారు. తెలుగు ప్రాంతాల్లో గొర్రెల కాపరులతో కలిసి పనిచేశారు. కాపరికి తెలిసిన దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయకుండా, చదువు గర్వం పక్కనబెట్టి కూర్చుని వినడం వాళ్ల పద్ధతి. మంద దగ్గర పనిచేసే డాక్టరుకు చదువు తరువాత కావలసిన గుణం ఇదే.

మంద కుక్క చెప్పే పాఠం

ఇంకొక సంగతి. కుక్కల వైద్యం వేరు, గొర్రెల వైద్యం వేరని పట్నంలో అనుకోవచ్చు. మన వైపు అది కుదరదు. ప్రతి మందకూ ఒకటో రెండో కుక్కలుంటాయి. నల్లమల దిగువన చిరుతపులి భయం ఉన్న చోట కుక్క లేని మంద ఉండదు. ఆ కుక్క కడుపులో ఏముందో మాత్రం ఎవరూ చూడరు.

ఒక్కోసారి గొర్రె మేత మానేసి, తల ఒక పక్కకు వాల్చి, గిరగిరా ఒకే వైపు తిరుగుతూ పడిపోతుంటుంది. గాలి సోకిందని దిష్టి తీస్తారు. అసలు కారణం కుక్క పేగుల్లో ఉండే ఒక రకం బద్దెపురుగు. కుక్క పెంటలో దాని గుడ్లు బయటికి వచ్చి మేతలో కలుస్తాయి. గొర్రె తింటే అవి దాని మెదడుకు చేరి నీటిబుడగలా పెరుగుతాయి. ఆ గొర్రె చచ్చాక తలకాయ పగలగొట్టి కుక్కకే వేస్తాం. పురుగు మళ్లీ కుక్క కడుపులోకి చేరుతుంది. ఏటా అదే వరస.

కాబట్టి ఆ తలకాయ కుక్కకు పచ్చిగా వేయకండి. లోతుగా పూడ్చండి. మంద కుక్కలకు డాక్టరును అడిగి మూడు నెలలకొకసారి నట్టల మందు మింగించండి. కుక్క మాత్రకయ్యే ఖర్చు ఒక గొర్రె ధర ముందు లెక్కలోకి రాదు.

పిచ్చికుక్క సంగతీ అంతే. మంద కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తరువాత ఏటా వేయించాలి. ఏటా జూలై 6న జూనోసిస్ దినమని పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటిసారి టీకా వేయించాడు. మనిషిని కుక్క కరిస్తే పుండును సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. పసరు మందులు, తాయెత్తులు పనికిరావు. కుక్కనూ గొర్రెనూ మనిషినీ కలిపి చూడగలిగే డాక్టరే మనక్కావాలి.

ప్రభుత్వం చేయాల్సింది

2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు 1 కోటి 76 లక్షలు, మేకలు 55 లక్షలు. గొర్రెల్లో తెలంగాణ తరువాత దేశంలో మనమే. జోడిపి, పల్ల, దొర అనే మూడు రకాల నెల్లూరు గొర్రె మన నేలమీద పుట్టింది. అయినా 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ 5,000 పశు యూనిట్లకు ఒక డాక్టరు ఉండాలని చెప్పినప్పటి నుంచీ, ఆ యూనిట్ల లెక్కలో గొర్రె విలువ ఆవు విలువలో చిన్న ముక్కే. గొర్రె చిన్నదే. కానీ టీకా వేయాలంటే ప్రతి గొర్రెనూ విడిగా పట్టుకోవాలి. నూరు గొర్రెలకు నూరుసార్లు చెయ్యి ఆడాలి. పని లెక్క వేరు, బరువు లెక్క వేరు. మందలెక్కువగా ఉన్న మండలాలకు ఈ లెక్క మార్చి పోస్టులు వేయాలి.

2022లో నియోజకవర్గానికొకటి చొప్పున 175 సంచార పశువైద్య వాహనాలు మొదలుపెట్టారు. 1962కు ఫోను చేస్తే డాక్టరు, సహాయకుడు, డ్రైవరు కలిసి వస్తారు. మంచి పనే. ఒంటి గేదెకు, ఒంటి ఆవుకు ఇది పనికొచ్చింది. మేత కోసం ఊరూరూ తిరిగే మందను ఆ బండి ఎక్కడని వెతుకుతుంది? జబ్బు వచ్చాక వచ్చే బండి కన్నా జబ్బు రాకముందు వచ్చే టీకాయే మందకు మేలు. మందలు మేతకు బయలుదేరే రోజులు, మళ్లీ తిరిగొచ్చే రోజులు ప్రతి ఊళ్లోనూ తెలుసు. ఆ రోజులు చూసుకుని టీకాల క్యాలెండరు వేయాలి.

మూడోది పరీక్ష. ల్యాబు అని బోర్డు తగిలిస్తే చాలదు. అందులో మనిషి ఉండాలి, పరీక్షకు మందులుండాలి, ఫలితం మర్నాటికి డాక్టరు చేతికి రావాలి. ఆ కుర్ర డాక్టరు భయం పోయే మార్గం అదే. తను అనుకున్నది నిజమో కాదో తెలిసినప్పుడు ఆయన చదువు పెరుగుతుంది, మన జీవాలూ బతుకుతాయి.

నాలుగోది, ఇంటర్న్‌షిప్ చేసే పిల్లల్ని ఒక నెల మన వైపు మందల దగ్గరికి పంపాలి. అమ్మాయిలు కూడా ఈ చదువుకు పెద్ద సంఖ్యలో వస్తున్నారు. వాళ్లకు ఉండటానికి భద్రమైన చోటు చూపాలి. ఇక్కడ మూడేళ్లు నిలిచి పనిచేసినవాళ్లకు బదిలీలోనూ పై చదువుకు సీటులోనూ ముందు వరస ఇవ్వాలి. అప్పుడు మన వైపు పోస్టింగును ఎవరూ శిక్ష అనరు.

మనం చేయాల్సింది

ఇప్పుడు మన సంగతి. రైతు సోదరులు కోప్పడకూడదు. మందుల షాపులో రెండు వేలకు సూదిమందు కొనేటప్పుడు నోరెత్తం. డాక్టరు గారు వచ్చి చూసి, ‘మందక్కర్లేదు, ఇలా చేయండి’ అని చెబితే మాత్రం ‘ఏం చేశాడు, సూది కూడా వేయలేదు’ అంటాం. సలహాకు విలువ లేని చోట చదువుకున్నవాడు నిలవడు.

చచ్చిన గొర్రెను వెంటనే అమ్మేయడమో కోసుకోవడమో చేస్తాం. డాక్టరు గారు పోస్టుమార్టం చేస్తానంటే వద్దంటాం. చచ్చినదాన్ని కోసి చూస్తేనే బతికున్న డెబ్బైని కాపాడే దారి తెలుస్తుంది. దొమ్మరోగం అనుమానమున్న కళేబరాన్ని మాత్రం ఎవరూ కోయకూడదు, తాకకూడదు. డాక్టరుకు కబురు పెట్టి, ఆయన చెప్పినట్లు సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

టీకాలకు ఊరంతా ఒకే రోజు మందలు నిలపాలి. పీపీఆర్, అంటే పారుడు రోగం, మన దేశంలో మొదట 1987లో తమిళనాడులో బయటపడింది. దాని టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. చిటుకు రోగానికి ఏటా వానలకు ముందే వేయాలి. ఊళ్లో పది మందలుంటే తొమ్మిది వేయించి ఒకటి మానేసినా, జబ్బు ఆ ఒక్క దొడ్డిలో నుంచే మొదలవుతుంది. ఆవుల్నీ ఎద్దుల్నీ వేల ఏళ్లు పీడించిన ముసర వ్యాధిని ఇలా పట్టుబట్టి టీకాలు వేసే ప్రపంచం నుంచి తరిమేశారు. 2011లో అది పూర్తిగా పోయిందని ప్రకటించారు. ఆ పని చేసింది మన పశువైద్యులూ, వాళ్ల వెంట నడిచిన సహాయకులూ, పశువును పట్టి నిలబెట్టిన రైతులూ. పారుడు రోగాన్ని 2030 నాటికి అలాగే వదిలించుకోవాలని ప్రపంచ దేశాలు అనుకున్నాయి.

చివరిగా ఒక్క మాట. మన పిల్లల్లో బైపీసీ చదివేవాళ్లుంటే ఎంబీబీఎస్ రాకపోతే బతుకు లేదని బెదిరించకండి. దొడ్డిలో పుట్టి పెరిగిన పిల్లకు గొర్రె నడక చూసి జబ్బు పట్టే కన్ను ముందే ఉంటుంది. ఆ కన్నుకు చదువు తోడైతే అంతకన్నా మంచి డాక్టరు ఎక్కడ దొరుకుతాడు?

ఆ సాయంత్రం చూసిన మందలో ఇంకో ఐదు పోయాయని తరువాత తెలిసింది. అరవై నాలుగు మిగిలాయి. మరుసటి ఏడు వానలకు ముందే పెద్దాయన తనే ఆసుపత్రికి పోయి టీకా తేదీ అడిగి రాయించుకుని వచ్చాడట. డాక్టరు గారు ఇంకా అక్కడే ఉన్నారు. ఎన్నాళ్లుంటారన్నది ఆయన ఒక్కరి చేతిలో లేదు. సగం ప్రభుత్వం చేతిలో ఉంది. మిగిలిన సగం మన చేతిలో.